బొమ్మలంటే భయపడిన దొర

గ్రిమ్స్‌విగ్ అనే ఊళ్లో పండగ చేసుకోకూడదు. నడిచలికాలం. లోకమంతా పొయ్యి చుట్టూ చేరి నాలుగు రోజులు తిని, పాడుకుని, పొడుగు రాత్రులను మరిచిపోయే కాలం. సరిగ్గా అప్పుడే దొర మాగ్నస్ శాసనం చేశాడు. యూల్ వేడుకలు రద్దు. పిల్లల చేతుల్లో బొమ్మలు కనపడకూడదు. ఊళ్లోని బొమ్మలన్నీ దొర కొడుకు జోనాస్‌కే చెందుతాయి. వాడు వాటితో కాసేపు ఆడి, విసుగొస్తే విరగ్గొడతాడు. ఊళ్లో మగవాళ్లంతా బొగ్గు గనిలోకి దిగాలి. తోళ్లు అమ్ముకోవడానికి అడవి నుంచి వచ్చిన క్లౌస్ అనే వేటగాడు ఈ తంతు చూసి సైనికులకు అడ్డుపడతాడు, దెబ్బలు తిని ఊరి బయట పడతాడు. తోడున్నది లిల్లీ అనే తెల్ల తోడేలు ఒక్కటే. రాత్రి మంట దగ్గర పిల్లనగ్రోవి ఊదితే అడవి దేవతలు దిగివస్తారు. తెల్లారి కళ్లు తెరిచేసరికి చుట్టూ చెక్క బొమ్మలు. ఇక ఆ బొమ్మలను మూటగట్టుకుని, గోడలు దూకి, కాపలా కళ్లుగప్పి పిల్లల ఇళ్లకు చేర్చడమే అతని పని. గ్రాంట్ మారిసన్ రాయగా డాన్ మోరా బొమ్మలు వేసిన ‘క్లౌస్’ కామిక్ కథ ఇది. బూమ్ స్టూడియోస్ దీన్ని 2015 నవంబరు నుంచి 2016 ఆగస్టు దాకా ఏడు సంచికలుగా తెచ్చింది. శాంటాక్లాజ్ తాత కాకముందు, కండలు తిరిగిన యువకుడిగా ఉన్నప్పుడు ఏం చేశాడన్నది దాని ఊహ.

దీన్ని చదివినవాళ్లు ఎక్కువమంది చెప్పే మాట ఒకటుంది: ఇది రాజ్యానికీ వ్యక్తి స్వేచ్ఛకీ మధ్య పోరు, నిరంకుశుడిపై ఒంటరి వీరుడి తిరుగుబాటు. తప్పు కాదు గానీ, పైపై చూపు. ఒంటరి వీరుడు నిరంకుశుణ్ని కూల్చే కథలు కామిక్స్‌లో కొల్లలు. అసలు ప్రశ్న అంతకంటే చిన్నది, కానీ మొండిది. ఖజానా కాదు, ఆయుధాలు కాదు, ఒక పాలకుడు బొమ్మలకెందుకు జడుస్తాడు? పండగ చేసుకున్న జనం తిరగబడరు, మర్నాడు నిద్ర లేటుగా లేస్తారు, అంతేగా. కామిక్ ఇచ్చే జవాబులో ఒక భాగం మాయ. గని అడుగున బందీగా ఉన్న దయ్యంతో దొరకు ఒప్పందం ఉంది. ఆ సంగతి పక్కన పెట్టినా నేలమీది జవాబు మాత్రం మిగులుతుంది. పండగ రద్దయిందీ, మగవాళ్లు గనిలో దిగిందీ ఒకే శాసనం కింద. బొమ్మ నిషేధం విడిగా రాలేదు, బొగ్గు వెంట వచ్చింది. జోనాస్ ఒడిలో కుప్పపడిన బొమ్మలను చూస్తే మరో సంగతి తేలుతుంది. దొరకు సంతోషమంటే పగ లేదు. అది తన చేతి మీదుగా తప్ప మరో దారిలో ఊళ్లోకి రాకూడదన్నదే అతని పట్టుదల. పండగలను నిషేధించిన అసలు ప్రభుత్వాల చరిత్ర తిరగేస్తే మారిసన్ ఊహించిన దానికి చాలా దగ్గరలో ఉంటుంది. ఒకచోట మాత్రం ఈ కామిక్ కంటే చరిత్రే గడుసుది.

ఇంగ్లండు నుంచి మొదలుపెడదాం. అంతర్యుద్ధంలో రాజు మీద పైచేయి సాధించిన పార్లమెంటు, ప్యూరిటన్ల ఒత్తిడితో 1647 జూన్‌లో క్రిస్మస్, ఈస్టర్ వంటి పండగలను రద్దు చేసింది. బైబిల్లో ఈ పండగలు చేసుకోమని లేదని, తిండీ తాగుడూ జూదమూ దేవుడి పేరు చెప్పుకుని సాగుతున్నాయని వాళ్ల వాదన. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. అదే జూన్‌లో పార్లమెంటు చేసిన మరో పనిని మాత్రం తక్కువమంది ప్రస్తావిస్తారు. పండగలు పోయాయి కనుక పనివాళ్లకు, చేతిపని నేర్చుకునే కుర్రాళ్లకు నెలనెలా రెండో మంగళవారం సెలవు ప్రకటించింది. లెక్కవేస్తే సెలవులకు కొదవ లేదు. పోయిందల్లా ఆ రోజును ఎంచుకునే హక్కు. తాతల నాటి నుంచి ఊరంతా ఒకేసారి చేసుకునే రోజు పోయి, పార్లమెంటు లెక్కగట్టి ఇచ్చిన మంగళవారం వచ్చింది. జనం దాన్ని ఎలా తీసుకున్నారో ఆ డిసెంబరు 25న కాంటర్‌బరీలో తెలిసింది. దుకాణాలు తెరిచి ఉంచమని మేయరు హుకుం ఇచ్చాడు. తెరిచిన వాళ్ల సరుకు వీధిలో పడింది, వీధుల్లో ఫుట్‌బాల్ ఆట మొదలైంది, గుమ్మాలకు హాలీ కొమ్మలు వెలిశాయి. మర్నాటికి పట్టణం అల్లరిమూకల చేతిలో ఉంది. తరువాత నిందితుల మీద అభియోగాలు మోపడానికి జ్యూరీ ఒప్పుకోలేదు. ఆ కోపమే పెద్దదై 1648లో కెంట్ ప్రాంతమంతా పార్లమెంటు మీద తిరుగుబాటుగా మారింది. పండగ చేసుకున్న జనం తిరగబడరని అనుకున్నవాళ్లకు జవాబు దొరికింది. పండగ చేసుకోనివ్వని జనమే తిరగబడ్డారు.

మారిసన్ పుట్టింది 1960లో, స్కాట్లండులోని గ్లాస్గోలో. అక్కడ యూల్ (క్రిస్మస్) సెలవును 1640లోనే చట్టం చేసి ఎత్తేశారు. మధ్యలో ఎన్ని మలుపులు తిరిగినా, ఆ దేశంలో క్రిస్మస్ మళ్లీ అందరికీ సెలవు అయింది 1958లో, అంటే ఈ రచయిత పుట్టడానికి రెండేళ్ల ముందు. గ్రిమ్స్‌విగ్‌ను ఊహించడానికి పెద్దగా దూరం వెళ్లే పని లేకపోయింది.

అట్లాంటిక్ అవతల మసాచుసెట్స్ బే కాలనీ 1659లో చేసిన చట్టం ఇంకా సూటిగా ఉంది. క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. చేసుకోవడం అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది, అందులో మొట్టమొదట పేర్కొన్నది పని మానుకోవడం. విందు ఆ తర్వాతి మాట. ఏ తప్పును ముందు రాయాలో ఆ శాసనసభకు బాగా తెలుసు. 1681లో ఈ చట్టం పోయింది. ఎలా పోయిందన్నదే కొరుకుడు పడని విషయం. కాలనీ ప్రజలు పోరాడి పోగొట్టలేదు, లండన్‌లోని రాజు రెండవ చార్లెస్ సర్కారు ఒత్తిడి తెచ్చి రద్దు చేయించింది. స్థానిక శాసనసభ జనం మీద పెట్టిన కట్టడిని దూరాన ఉన్న పెద్ద రాజ్యం తీసేసింది. రాజ్యం ఒకవైపు, మనిషి ఒకవైపు అని గీత గీసుకుని కథ చదివేవాళ్లకు ఈ ఘట్టం ఎక్కడా ఇమడదు. ‘క్లౌస్’లో కూడా దొర తలపై ఒక రాజు ఉన్నాడు, ఆయన రాక కోసం దొర వణుకుతూ ఏర్పాట్లు చేస్తాడు. మారిసన్ ఈ సంగతిని ఎక్కువ లాగలేదు కానీ వదిలేయనూ లేదు.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే మతం మాట పక్కకు జరిగి, పని లెక్క పైకి తేలింది. సోవియట్ యూనియన్ 1929 శరదృతువులో నిరంతర పనివారం తెచ్చింది. కార్మికులను అయిదు గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకు ఒక్కో రోజు సెలవు ఇచ్చారు. యంత్రం ఆగదు, ఎవరికీ విశ్రాంతి లేకుండా పోదు. భార్యకు సెలవున్న రోజు భర్తకు ఉండదు, స్నేహితుడికి ఉండదు. ఆదివారాన్నీ పండగ రోజునూ ఇలా లోపలినుంచే ఖాళీ చేశారు. కూబాలో 1969లో ఫిడెల్ కాస్ట్రో క్రిస్మస్ సెలవు తీసేశాడు. కారణంగా చెప్పింది నాస్తికత్వం కాదు, చెరకు. మర్నాటి ఏడాదికి కోటి టన్నుల పంచదార తీయాలన్నది లక్ష్యం, డిసెంబరంటే కోతల కాలం. వచ్చింది ఎనభై అయిదు లక్షల టన్నులు. లక్ష్యం పోయింది కానీ సెలవు తిరిగి రాలేదు, 1998 జనవరిలో పోప్ రెండవ జాన్ పాల్ రాక ఖాయమయ్యేదాకా. అమెరికాకూ ఇలాంటి ముచ్చట ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, జాతీయ రక్షణ మండలి క్రిస్మస్ కానుకల కొనుగోళ్లనూ బొమ్మల తయారీనీ ఆపాలన్న ఆలోచన చేసింది. అడ్డుపడింది అడవి నుంచి వచ్చిన వేటగాడు కాదు, ఎరెక్టర్ సెట్ అనే బొమ్మ తయారుచేసే ఎ.సి. గిల్బర్ట్ అనే వ్యాపారి. బొమ్మలు పిల్లలకు చదువు చెప్పే పనిముట్లని వాదించి గెలిచాడు. ఆటకు ఆటగా ఉండే హక్కు లేదు, దేశానికి పనికొస్తే పర్వాలేదు. ఆ గెలుపు ఎవరిదో చెప్పడం నాకు కష్టమే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. సెలవులను లాక్కున్నది రాజ్యమే అనుకుందాం, వాటిని ఇచ్చింది ఎవరు? అమెరికా కాంగ్రెసు 1870లో క్రిస్మస్‌ను ఫెడరల్ సెలవు చేసింది. బ్రిటన్‌లో 1871 నాటి బ్యాంక్ హాలిడేస్ చట్టం గుమస్తాలకు కొన్ని రోజులైనా ఊపిరి పీల్చుకునే వీలిచ్చింది. డికెన్స్ సృష్టించిన స్క్రూజ్ గుర్తున్నాడు కదా, పండగ నాడు జీతమిచ్చి సెలవివ్వడానికి గింజుకున్నవాడు ప్రభుత్వ అధికారి కాదు, ప్రైవేటు యజమాని. చట్టం లేకపోతే గుమస్తా బతుకు ఆ యజమాని మనసు కరగడం మీదే ఆధారపడుతుంది. అందుకని రాజ్యాన్ని దయ్యంగా, వ్యక్తిని దేవుడిగా చూపే కథ అరకొర నిజమే అవుతుందని అనేవాళ్లతో నాకు పేచీ లేదు. అయితే మాగ్నస్ ఎవరో కాస్త నిదానంగా చూడాలి. అతను పాలకుడే కాదు, గని యజమాని కూడా. శాసనం చేసేదీ, కూలీ ఎగ్గొట్టి వెట్టి చేయించేదీ, కాపలా పెట్టేదీ ఒకడే. తెలుగు నేల మీద దొర అన్న మాటలో ఈ మూడూ కలిసే ఉన్నాయి. గడీలో కూర్చున్నవాడు భూమికీ యజమానే, న్యాయానికీ యజమానే. గ్రిమ్స్‌విగ్‌లో రాజ్యం అంటే ఒక ఇంటి ఆస్తి. చట్టం ఇచ్చిన సెలవుకీ దొర దయగా ఇచ్చే సెలవుకీ తేడా అక్కడే ఉంది. మొదటిది ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి అడగొచ్చు, రెండోది ఇచ్చినవాడు రేపు తీసుకున్నా నోరెత్తలేం. పార్లమెంటు విదిలించిన రెండో మంగళవారం, పోప్ వస్తున్నాడని హవానాలో తిరిగి వచ్చిన డిసెంబరు 25, ఇవి రెండో రకం.

ఇప్పుడు చరిత్ర కామిక్‌ను దాటి ముందుకెళ్లిన చోటికి వద్దాం. మాగ్నస్ మొరటు దొర. నిషేధించడం తప్ప మరో విద్య రాదు. తెలివైన రాజ్యాలు అంత శ్రమ తీసుకోవు, పండగనే జీతానికి పెట్టుకుంటాయి. 1863 జనవరి మొదట్లో ‘హార్పర్స్ వీక్లీ’ ముఖచిత్రం మీద థామస్ నాస్ట్ వేసిన శాంటా కనిపించాడు. నక్షత్రాలూ చారలూ ఉన్న కోటు వేసుకుని, ఉత్తరాది సైన్యపు గుడారాల మధ్య బండి దిగి కానుకలు పంచుతున్నాడు. చేతిలో దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్‌ను మెడకు తాడు కట్టి ఆడించే బొమ్మ. బానిసత్వానికి ఎదురు నిలిచిన పక్షం కనుక నాస్ట్‌ను మెచ్చుకోవచ్చు, అది వేరే మాట. అమెరికన్ పత్రికల్లో శాంటాకు రూపం ఏర్పడుతున్న తొలి రోజుల్లోనే ఆయన ఒంటి మీద ఒక పక్షపు జెండా ఉందని మాత్రం మరిచిపోకూడదు. సోవియట్‌లో ఇంకా చక్కగా జరిగింది. 1935 డిసెంబరు 28న ‘ప్రావ్దా’లో పావెల్ పోస్టిషెవ్ అనే నాయకుడి లేఖ అచ్చయింది. పిల్లలకు పండగ చెట్టు లేకుండా చేయడం పొరపాటని, అది తిరిగి రావాలని ఆ లేఖ సారాంశం. కొన్ని రోజుల్లోనే చెట్లు వచ్చేశాయి. క్రిస్మస్ చెట్టుగా కాదు, కొత్త ఏడాది చెట్టుగా. బెత్లెహేము నక్షత్రం స్థానంలో ఎర్ర నక్షత్రం. తాత వచ్చాడు, కానుకలు వచ్చాయి, అన్నీ పార్టీ పుణ్యం. నిషేధం ఉన్నన్నాళ్లూ ఇళ్లలో దొంగచాటుగా సాగిన వేడుక మీద సర్కారుకు అదుపు లేదు, అనుమతి ఇచ్చాక అదుపు వచ్చింది. ఇలాంటి దొర ఎదురైతే క్లౌస్ ఏం చేస్తాడు? బొమ్మల మూటతో గోడ దూకేసరికి ఇంట్లో అప్పటికే బొమ్మలుంటాయి, వాటి మీద కోట ముద్ర ఉంటుంది. ఈ ప్రశ్నను ఏడు సంచికల్లో ఎక్కడా ఎదుర్కోలేదన్నదే నాకు ఈ కామిక్ మీదున్న ప్రధానమైన ఫిర్యాదు.

మసాచుసెట్స్ దగ్గరికి మళ్లీ వెళ్లక తప్పదు, ఎందుకంటే క్రిస్మస్ కామిక్‌కూ ప్రభుత్వానికీ నిజంగా జరిగిన గొడవ అక్కడిదే. 1953 చివర్లో ఇసి కామిక్స్ సంస్థ ‘పానిక్’ అనే హాస్య పత్రిక మొదటి సంచిక తెచ్చింది. తమ ‘మ్యాడ్’ను తామే అనుకరిస్తూ మొదలుపెట్టినది. అందులో 1823లో అచ్చయిన ప్రసిద్ధమైన క్రిస్మస్ ముందు రాత్రి పద్యానికి విల్ ఎల్డర్ బొమ్మలు వేశాడు. పద్యంలో అక్షరం మార్చలేదు, అల్లరంతా బొమ్మల్లోనే. శాంటా బండి వెనకాల, కొత్త పెళ్లికొడుకు కారుకు కట్టినట్టు, ఇప్పుడే విడాకులయ్యాయని బోర్డు వేలాడుతుంటుంది. అంతే, రాష్ట్ర అటార్నీ జనరల్ జార్జ్ ఫింగోల్డ్ ఈ పుస్తకం క్రిస్మస్‌ను అపవిత్రం చేసిందని అమ్మకం ఆపించాడు. ఇసి వాళ్లూ తక్కువ తినలేదు, అయితే తమ ‘పిక్చర్ స్టోరీస్ ఫ్రమ్ ద బైబిల్’ను కూడా మసాచుసెట్స్ నుంచి వెనక్కి తీసుకుంటామని ప్రకటించారు. అదే నేల మీద 1659లో క్రిస్మస్ చేసుకుంటే జరిమానా, 1953లో క్రిస్మస్‌ను చూసి నవ్వితే నిషేధం. రెండు ఘటనల మధ్య దాదాపు మూడు వందల ఏళ్లలో పండగ గురించి సర్కారు అభిప్రాయం తలకిందులైంది. పండగ ఎలా ఉండాలో చెప్పే అధికారం తనదేనన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. నిషేధించేవాడూ కాపాడేవాడూ వేరువేరని, ఒకడు దుష్టుడు రెండోవాడు భక్తుడని అనుకోవడం మనకు అలవాటు. ఫింగోల్డ్‌నూ ప్యూరిటన్ శాసనసభనూ పక్కపక్కన నిలబెడితే ఆ అలవాటు నిలవదు.

పిల్లల చేతికి వెళ్లే పుస్తకాల మీద అదుపు ఉండొద్దా అని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లను తోసిపుచ్చలేం. ఇసి వాళ్లే అచ్చువేసిన భయానక కథల్లో నరికిన తలలు ముఖచిత్రాలకెక్కాయి. 1954లో ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడి పుస్తకం ‘సెడక్షన్ ఆఫ్ ద ఇన్నోసెంట్’ వచ్చాక, ఆ ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం ముందు ఇసి అధినేత విలియం గెయిన్స్‌కు అలాంటి ముఖచిత్రం ఒకటి చూపిస్తే, భయానక కామిక్‌కు అది తగిందేనని చెప్పి అతను నవ్వులపాలయ్యాడు. తల్లిదండ్రుల ఆందోళన బూటకం కాదు. కానీ ఆ ఆందోళన ఎటు వెళ్లిందో చూడండి. ఫెడరల్ ప్రభుత్వం చట్టం చేయలేదు, చేస్తుందేమోనన్న భయంతో ప్రచురణకర్తలే సంఘం కట్టి కామిక్స్ కోడ్ రాసుకున్నారు. ముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదారులు తాకలేదు. నేరస్థుడు గెలవకూడదు, అధికారుల మీద గౌరవం తగ్గేలా పోలీసులనూ న్యాయమూర్తులనూ చూపకూడదు వంటి నియమాలు నరికిన తలలతో పాటు పాలకుడి మీద వెటకారాన్నీ తుడిచేశాయి. పిల్లలను కాపాడటానికి తెచ్చిన కట్టడి అధికారులను కాపాడే పని కూడా చేసిపెట్టింది. ఈ గాలి ఇక్కడికీ వీచింది. బ్రిటన్ 1955లో ఇలాంటి చట్టం చేస్తే, భారత పార్లమెంటు 1956లో యువజనులకు హాని చేసే ప్రచురణల చట్టం తెచ్చింది, ఇరవై ఏళ్ల లోపు వాళ్లంతా దాని నీడలోకి వచ్చారు. అమెరికాలో కోడ్ ముద్ర చివరికి 2011లో అంతరించింది. అధికార ముద్రతో జనాన్ని పీడించే సైనికులను తన్ని తగలేసే శాంటా ఆ తర్వాత నాలుగేళ్లకు వచ్చాడు. ఆ కోడ్ పూర్తి బలంతో ఉన్న రోజుల్లో గ్రిమ్స్‌విగ్ కథ ఇలాగే అచ్చయ్యేది కాదు.

క్లౌస్‌ను వ్యక్తి స్వేచ్ఛకు జెండాగా ఎత్తేవాళ్లను కూడా ఒక మాట అడగాలి. అర్ధరాత్రి గోడలు దూకి పరాయి ఇళ్లలో జొరబడే మనిషి అతను, ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరికీ జవాబు చెప్పడు. మనకు తెలిసిన శాంటా ఇంకో అడుగు ముందుకెళ్లి, ఏ పిల్ల మంచిదో ఏది అల్లరిదో ఏడాది పొడుగునా గమనించి చిట్టా రాసుకుంటాడు. నిఘా రాజ్యానికి ఇంతకంటే ముద్దొచ్చే గుర్తు ఇంకేం కావాలి? మారిసన్ దీన్ని చూడలేదనుకోవద్దు. ఈ కామిక్‌లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న నిర్ణయం ఇక్కడే ఉంది. ఆస్ట్రియా, బవేరియా ప్రాంతాల ఆచారంలో డిసెంబరు 5 రాత్రి సెయింట్ నికొలాస్‌తో కలిసి కొమ్ముల క్రాంపస్ ఇళ్లకు వస్తాడు, ఒకరు ఇస్తారు, ఇంకొకరు కొడతారు. మారిసన్ ఆ జంటను విడదీశారు. ఇచ్చే చెయ్యి అడవిలో ఉంది, శిక్షించే చెయ్యి దొర కోట అడుగున గనిలో ఉంది. పిల్లల మీద ఆశ పెట్టుకున్న ఆ దయ్యమే క్రాంపస్. భయపెట్టి మంచివాళ్లను చేసే పనిని కథ పూర్తిగా అధికారానికి అప్పగించింది, కానుకను చిట్టా నుంచి విముక్తం చేసింది. ఆపైన క్లౌస్ చేసే బొమ్మలు అతనొక్కడి సొత్తు కావు, ఆ రాత్రి వచ్చిన దేవతలూ అతని చేతులూ కలిసి చేసినవి. పిల్లలు కూడా వాటితో వీధుల్లో, నలుగురిలో ఆడతారు. ఒంటరిగా ఆడేవాడు జోనాస్ ఒక్కడే. స్వేచ్ఛ అంటే ఎవరి దారి వారిదని ఈ కథ చెబుతోందని నేను నమ్మను. నలుగురూ ఒక్కచోట చేరే రోజును ఎవరూ కేటాయించకుండా తామే ఎంచుకోగలగడమే ఇక్కడ పందెం. కాంటర్‌బరీ వాసులు కొట్లాడింది దానికోసమే, అయిదు గుంపుల లెక్క రష్యాలో చీల్చిందీ దాన్నే.

ఈ వాదన తెలుగు రాష్ట్రాల దాకా వస్తే ఇరుకున పెడుతుంది. చంద్రన్న క్రిస్మస్ కానుక పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ షాపుల ద్వారా పండగ సరుకులు పంచారు. సంక్రాంతికీ రంజాన్‌కీ అలాంటివే. తెలంగాణ సర్కారు క్రిస్మస్‌కు కొత్త బట్టలు పంచి విందులిచ్చింది, బతుకమ్మకు చీరలిచ్చింది. పేదింట్లో ఆ గోధుమపిండికీ బెల్లానికీ విలువ లేదంటే అది కడుపు నిండినవాడి మాట. అన్ని మతాలకూ ఇచ్చారన్నది కూడా తీసిపారేయదగ్గ సంగతి కాదు. నిషేధించే దొరకూ పంచే ప్రభుత్వానికీ పోలిక పెట్టడం అన్యాయమని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, ఓటు వేసి దించగలిగిన ప్రభుత్వం మాగ్నస్ కాదు. అయినా సంచీ మీద పేరు ఎవరిదో చూడాలి. పన్నుల సొమ్ముతో కొన్న సరుకు, పథకానికి నాయకుడి పేరు, అధికారం మారితే కానుక పేరూ మారుతుంది లేదా కానుకే మాయమవుతుంది. ఇవే సరుకులను హక్కుగా, పేరు లేని సంచీలో ఇస్తే పొయ్యి మీద వంటలో తేడా ఉండదు, కృతజ్ఞత ఎటు మళ్లాలన్నదే మారుతుంది. నాయకులు ఆ తేడాను మనకంటే బాగా లెక్కగట్టారు. క్లౌస్ తలుపు కొట్టకుండా, పేరు చెప్పకుండా వెళ్లిపోవడంలో పిరికితనం లేదు, ఈ లెక్కలోకి రాకపోవడం ఉంది.

రాజ్యం ఒక్కటే దొర కాదన్న సంగతి మారిసన్‌కు తర్వాతైనా తట్టినట్టుంది. 2017లో వచ్చిన ప్రత్యేక సంచిక ‘క్లౌస్ అండ్ ద క్రైసిస్ ఇన్ క్స్‌మస్‌విల్’లో ఎదురుపడేది సింహాసనం కాదు, పోలా కోలా అనే సోడా కంపెనీ, దాని కోసం పనిచేసే దొంగ శాంటా. 1931 నుంచి హాడన్ సన్‌బ్లమ్ చేత శాంటా బొమ్మలు వేయించుకున్న అసలు కోలా కంపెనీ ఏదో చెప్పనవసరం లేదు. ఈ కొత్త శత్రువు ఎవరినీ గనిలోకి దింపడు, ఏ బొమ్మనూ లాక్కోడు. అడిగినవి అడిగినట్టు ఇస్తాడు, డబ్బు పుచ్చుకుంటాడు. పైగా డిసెంబరు అంతా ఏం కావాలో కూడా తానే చెబుతాడు. నిషేధం మీద రాసినంత పదునుగా మారిసన్ దీని మీద రాయలేకపోయారు, కథ గబగబా కొట్లాటలోకి దిగిపోయింది. రాయడం కష్టమే మరి, 2016 నుంచి 2019 దాకా క్లౌస్ ప్రత్యేక సంచికలు ఏటా డిసెంబరులో, కానుకలు కొనే వారాల్లోనే, దుకాణాలకు చేరాయి.